12 బోర్ తుపాకీకి బరువు తూటా ఎంచుకోవడం ఎలా?

నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఒకే ప్రశ్న. "తాతగారి జోడు గొట్టాల తుపాకీ ఉంది, లైసెన్సు నా పేరు మీదికి మారింది, మక్కజొన్న చేనులోకి అడవిపందులు దిగుతున్నాయి. మామూలు తూటా చాలదంటున్నారు. బరువు తూటా ఏది కొనాలి?" ములుగు నుంచి ఒకరు అడుగుతారు, వారం తిరగకుండా మంథని నుంచి మరొకరు అడుగుతారు. మిగతా సగం ఇంకా ఇబ్బంది పెట్టే ప్రశ్న: "పేల్చిన ఖాళీ తూటాలు దాచిపెట్టాను. మళ్ళీ నింపుకోవడానికి ఏ మందు మంచిది?"

ముందు రెండోదానికే జవాబు చెబుతాను. నింపుకోకండి.

మీ లైసెన్సు తుపాకీని, అందులో రాసిన సంఖ్యకు మించకుండా తూటాలను దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చింది. తూటా తయారీకి 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి. ఆ చట్టం దృష్టిలో తూటా విడిభాగాలు కూడా తూటాతో సమానమే. అమెరికాలో ఇళ్ళలో తూటాలు నింపుకొంటారన్నది నిజం. కానీ అక్కడ మందు తయారుచేసే కంపెనీలు పట్టికలు అచ్చువేస్తాయి. ఫలానా డొల్ల (ఖాళీ తూటా), ఫలానా ప్రైమర్ (మందును అంటించే అడుగు బిళ్ళ), ఫలానా అడ్డబిళ్ళ (మందుకూ గుండ్లకూ మధ్య ఉండేది), ఇన్ని గ్రాముల గుండ్లు, వీటన్నిటికీ సరిపడే ఫలానా మందు ఇంత అని ఉంటుంది. అందులో ఒక్కటి మార్చినా లెక్క మొత్తం మారిపోతుంది. మన దగ్గర వీటిలో ఏదీ అంగట్లో దొరకదు. దొరికేవి టపాకాయల మందు, క్వారీల నుంచి దారితప్పి వచ్చిన మందు. రెండూ గొట్టాన్ని చీలుస్తాయి. ఆ గొట్టం కింద ఉండేది మీ ఎడమ చెయ్యి.

ఇక మొదటి ప్రశ్న. బరువు తూటా అంటే ఎక్కువ గ్రాముల గుండ్లున్న తూటా. దీనికి బ్రాండు పేరు చెబితే సరిపోదు. ఏ బరువు తూటా మంచిదో మీ తుపాకీని కొలిచి, తూచి, కాగితం మీద పేల్చి చూస్తేనే తెలుస్తుంది. ఆ పని ఎలా చేయాలో కింద రాశాను.

మందు గురించి తెలియాల్సింది ఇంతే

ఎండు చొప్ప భగ్గున మండిపోతుంది, తుమ్మ మొద్దు నిదానంగా మండుతుంది. తూటా మందులోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. తేలిక గుండ్లు చురుగ్గా కదులుతాయి కాబట్టి వాటి వెనుక వేగంగా మండే మందు వేస్తారు. బరువైన గుండ్లు వెంటనే కదలవు. వాటి వెనుక కూడా అదే మందు వేస్తే, గుండ్లు దారి ఇచ్చేలోపే వాయువు పోగుపడి పీడనం ఒక్కసారిగా ఎగురుతుంది. నిండా వరి బస్తాలు వేసిన బండిని ఒక్క గుద్దుతో కదిలించబోతే విరిగేది మన భుజమే. నిదానంగా, విడవకుండా తోయాలి. అందుకే ఫ్యాక్టరీలో బరువు తూటాకు నిదానంగా మండే మందు ఎంచుకుంటారు.

అంటే బరువు తూటా అనేది మామూలు తూటాలో ఇంకాస్త మందు, ఇంకొన్ని గుండ్లు కూరినది కాదు. లోపల ఉన్న మందే వేరు. విప్పి చూస్తే రెండు మందులూ నల్లటి రేకుల్లాగే కనబడవచ్చు, రంగు చూసి మందును గుర్తుపట్టగల మనిషి లేడు.

ఇంకో చిక్కు. కొన్ని విదేశీ డబ్బాల మీద "3¾ డ్రామ్" లాంటి మాట ఉంటుంది. డ్రామ్ అంటే 1.77 గ్రాములు. అయితే ఆ అంకె లోపలున్న మందు బరువు కాదు. పాతకాలపు పొగ వచ్చే నల్లమందు (బ్లాక్ పౌడర్) అంత వేస్తే గుండ్లకు ఎంత వేగం వచ్చేదో, ఈ తూటా దాదాపు అంత వేగం ఇస్తుందని మాత్రమే దాని అర్థం. ఇప్పటి తూటాల్లో ఉండే పొగలేని మందు దానిలో సగం కూడా అవసరం పడదు. ఆ అంకె చూసి అంత పొగలేని మందు తూచి పోసుకున్నవాడికి రెండో తూటా పేల్చే అవకాశం ఉండదు.

కావలసినవి

లైసెన్సు పుస్తకం, స్టీలు స్కేలు (15 సెంటీమీటర్లది చాలు), కిరాణా కొట్టు త్రాసు, టార్చి, గొట్టం శుభ్రం చేసే కడ్డీ, మీటరుకు పైగా వెడల్పున్న గోధుమరంగు కాగితం పది షీట్లు, టేపు, స్కెచ్ పెన్ను, సుతిలి తాడు, చెవులకు మఫ్లు, కళ్ళకు అద్దాలు, ఒక నోటు పుస్తకం. వీటితోపాటు నిదానంగా ఉండే మనిషి ఒకరు తోడు కావాలి. తొందరపడే బావమరిదిని ఇంటి దగ్గరే వదిలిరండి.

1. తుపాకీని ఖాళీ చేసి, దాని మీద ఉన్నది చదవండి

తుపాకీని మడిచి రెండు చాంబర్లూ (గొట్టం వెనుక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉన్నాయని కంటితో చూడండి, తర్వాత వేలు పెట్టి చూడండి. తూటాలు మరో గదిలో పెట్టండి. గొట్టాలు విప్పదీసి, కింద చదునుగా ఉండే భాగాన్ని కిరోసిన్ గుడ్డతో తుడిచి టార్చి వేయండి. గుర్తులన్నీ అక్కడే ఉంటాయి.

వజ్రం ఆకారంలో 12, సి అన్న అక్షరం ఉంటే అది 12 బోర్ ఇంగ్లీషు తుపాకీ. చాంబర్ పొడవు అంగుళాల్లో గానీ మిల్లీమీటర్లలో గానీ ఉంటుంది. "2½" లేదా "65" ఉంటే చిన్న చాంబర్. "2¾" లేదా "70" ఉంటే నేటి మామూలు చాంబర్. "76" లేదా "3 అంగుళాలు" ఉంటే మాగ్నమ్, అంటే పొడవు తూటాల చాంబర్. 1950ల నడుమ నుంచి 1980ల దాకా బర్మింగ్‌హామ్‌లో పరీక్షించిన వాటి మీద చదరపు అంగుళానికి ఇన్ని టన్నులని పీడనం లెక్క కూడా ఉంటుంది: 2½ అంగుళాల వాటికి 3 టన్నులు, 2¾ వాటికి 3¼ టన్నులు. నైట్రో (పొగలేని మందు) పరీక్ష గుర్తు ఎక్కడా కనబడకపోతే అది నల్లమందు కాలపు తుపాకీ అయి ఉండవచ్చు.

గొట్టం మీద చాప అల్లికలాగా మెలికల చారలు ఉంటే, చూడటానికి ఎంత అందంగా ఉన్నా, ఇక్కడితో ఆగిపోండి. అది ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చుట్టిన గొట్టం. బరువు తూటా మాట అటుంచి, నిపుణుడు చూసి చెప్పేదాకా దానితో ఏ తూటా పేల్చవద్దు. గోడకు అలంకారంగా పెట్టుకోవచ్చు, లైసెన్సు మాత్రం దానికీ ఉండాలి.

2. చాంబర్ పొడవు కొలవండి

ఈ ఒక్క అడుగు తప్పడం వల్ల జరిగే నష్టం మిగతా అన్నిటికంటే ఎక్కువ. నేనూ తప్పాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మా నాన్నగారి తుపాకీకి నేను మొదట కొన్న తూటాలు 70 మిల్లీమీటర్లవి. దుకాణంలో అడిగితే "12 బోరే కదా, అన్నీ ఒకటే" అన్నారు. చాంబర్‌లో పెడితే హాయిగా పట్టాయి. పేల్చితే భుజం వాచింది, తుపాకీ మడవడానికి మోకాలు అడ్డం పెట్టాల్సి వచ్చింది. బలమైన తూటా అంటే ఇలాగే ఉంటుంది కాబోలని మురిసిపోయాను. రెండు నెలల తర్వాత తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన గొట్టంలోకి గేజీ దింపి, "బిడ్డా, ఇది రెండున్నర తుపాకీ. నువ్వు దీనికి రెండు ముప్పావు తినిపిస్తున్నావు" అన్నాడు. ఆ రోజు నుంచి స్కేలు లేకుండా ఎవరి తుపాకీ గురించీ మాట్లాడలేదు.

అసలు సంగతి ఏమిటంటే, డబ్బా మీద రాసిన 70 అన్నది పేలిన తర్వాత డొల్ల పొడవు. పేలక ముందు మూతి ముడిచి ఉంటుంది కాబట్టి తూటా సుమారు 58 మిల్లీమీటర్లే ఉంటుంది. అందుకే 65 చాంబర్‌లోకి సులువుగా దిగుతుంది. పేలినప్పుడు మూతి విచ్చుకొని చాంబర్ దాటి ముందుకు, గొట్టం సన్నబడే చోటికి పోతుంది. గుండ్లు పోవాల్సిన దారికి ప్లాస్టిక్ అంచు అడ్డుపడుతుంది, పీడనం పెరుగుతుంది. బరువు తూటా అయితే నష్టం రెట్టింపు. చాంబర్‌లో పట్టింది కదా అన్నది ఇక్కడ సాక్ష్యం కాదు.

కొలిచే పద్ధతి: గొట్టం వెనుక అంచు నుంచి స్టీలు స్కేలును చాంబర్ గోడకు ఆనించి నెమ్మదిగా లోపలికి జరపండి. చాంబర్ ముగిసి గొట్టం సన్నబడే చోట స్కేలు మూల తట్టుకుంటుంది. మొదటిసారి తెలియకపోవచ్చు, నాలుగైదు సార్లు చేయండి. టార్చి ముందువైపు నుంచి వేస్తే అక్కడ ఒక నీడ ఉంగరం కనబడుతుంది. రెండు గొట్టాలూ విడివిడిగా కొలవండి. 65కీ 70కీ మధ్య ఎటూ తేలకపోతే అది 65 అనే అనుకోండి, తర్వాత లైసెన్సున్న తుపాకీ మెకానిక్ దగ్గర చాంబర్ గేజీతో చూపించుకోండి.

ఇప్పటికే పేల్చిన పాత డొల్లలుంటే వాటి మూతి చూడండి. అంచు నున్నగా, గుండ్రంగా ఉంటే మంచిదే. పీచులు లేచి, నలిగి, సాగినట్టు ఉంటే మీరూ నాలాగే తినిపిస్తున్నారు.

3. తుపాకీని తూచండి

దీన్ని ఎవరూ చేయరు, ఐదు నిమిషాల పని. ఖాళీ తుపాకీని కిరాణా త్రాసు మీద పెట్టండి. ఇంగ్లండు తుపాకీ పనివాళ్ళ పాత సూత్రం ఒకటుంది: తుపాకీ బరువు గుండ్ల బరువుకు కనీసం 96 రెట్లు ఉండాలి. మీ తుపాకీ 3 కిలోల 100 గ్రాములైతే 3100ను 96తో భాగించండి, 32 వస్తుంది. మీ హద్దు 32 గ్రాముల తూటా. 36 గ్రాములది కావాలంటే తుపాకీ సుమారు మూడున్నర కిలోలు ఉండాలి.

ఇది చట్టం కాదు. 36 పేల్చితే తుపాకీ ఆ రోజే విరిగిపోదు. కానీ వెనక్కి తన్నే దెబ్బ మీ భుజం మీదే కాదు, కర్ర పిడి లోహాన్ని కలిసే చోట కూడా పడుతుంది. పాత జోడు గొట్టాల తుపాకుల్లో పిడి అక్కడే చీలుతుంది. తన్నుకు భయపడి పేల్చే ముందు కళ్ళు మూసుకునే అలవాటు కూడా ఇలాగే పట్టుకుంటుంది, అది వదలడానికి ఏళ్ళు పడుతుంది.

ఒలింపిక్స్ ట్రాప్, స్కీట్ పోటీల్లో తూటాకు 24 గ్రాములకు మించి గుండ్లు ఉండకూడదు. ఎగిరే మట్టి పళ్ళేలను ఆ 24 గ్రాములతోనే పొడి చేస్తారు. తేలిక తూటా అంటే చేవలేనిది అనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే.

4. చోక్ చూడండి

గొట్టం మూతి దగ్గర కాస్త సన్నబడి ఉంటుంది, అదే చోక్. యూరప్ తుపాకుల మీద చుక్క గుర్తులుంటాయి. చుక్కలు తగ్గేకొద్దీ చోక్ బిగువు: ఒక చుక్క పూర్తి చోక్, మూడు చుక్కలు సగం, నాలుగు పావు. "సి ఎల్" అని ఉంటే చోక్ లేనట్టే. జోడు గొట్టాలలో సాధారణంగా కుడిది వదులు, ఎడమది బిగువు. ఒంటి గుండు తూటాను బిగువు చోక్ ఉన్న గొట్టంలో ఎప్పుడూ పేల్చకండి. కొన్ని పాత ఇంగ్లీషు గొట్టాల మీద ఒంటి గుండుకు పనికిరాదని చెక్కి మరీ ఉంటుంది.

5. గుండు సైజు: నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూడండి

మన దగ్గర వాడుకలో ఉన్నవి బ్రిటిష్ నంబర్లు. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది. 6వ నంబరు 2.6 మిల్లీమీటర్లు, 4వ నంబరు 3.1, బిబి 4.1, ఎస్‌జి 8.4, ఎల్‌జి 9.1. అమెరికా డబ్బా మీది 4వ నంబరు 3.3 మిల్లీమీటర్లు, 6వ నంబరు 2.8. నంబరు ఒకటే, గుండు వేరు. అందుకే మిల్లీమీటర్లు రాయని డబ్బా నేను కొనను.

28.35 గ్రాములకు, అంటే ఒక ఔన్సుకు, 6వ నంబరువి 270, 4వ నంబరువి 170, బిబివి 70 వస్తాయి. పరీక్షకు ఈ లెక్క కావాలి, రాసిపెట్టుకోండి.

ఇంకో లెక్క కంఠతా రావాలి. గుండు వ్యాసం మిల్లీమీటరుకు సుమారు 80 మీటర్ల చొప్పున ఎగురుతుంది. అంటే 6వ నంబరు గుండు 200 మీటర్లు దాటి పోతుంది, బిబి 325 మీటర్ల దాకా, ఎస్‌జి 650 మీటర్లు దాటి కూడా పోగలదు. మీ పొలం హద్దుకు ఊరు ఎంత దూరమో చూసుకొని సైజు ఎంచుకోండి. బరువు తూటా అంటే పెద్ద గుండు అని చాలామంది అనుకుంటారు. కాదు, 36 గ్రాముల తూటాలో చిన్న గుండ్లూ ఉండవచ్చు.

అడవిపంది సంగతి. పంట రక్షణకని తుపాకీ లైసెన్సు వచ్చినంత మాత్రాన పందిని కాల్చే అనుమతి వచ్చినట్టు కాదు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోని జంతువు, అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఏటూరునాగారం, పాఖాల లాంటి అభయారణ్యాల్లో ఆ మాటే ఎత్తవద్దు. అనుమతి ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: 4వ నంబరు, బిబి గుండ్లతో పందిని కొట్టవద్దు. చావదు, గాయపడి తిరగబడుతుంది, తెల్లారి పత్తి ఏరడానికి పోయిన ఆడవాళ్ళ మీద పడుతుంది. ఎస్‌జి వాడితే 25 మీటర్ల లోపే వాడండి, అదీ వెనుక మట్టి ఉన్నప్పుడే.

6. డబ్బా చదివి కొనండి

డబ్బా మీద నాలుగు సంగతులు ఉండాలి: డొల్ల పొడవు, గుండ్ల బరువు గ్రాములలో, గుండు సైజు, తయారీ తేదీ లేదా లాట్ (తయారైన విడత) నంబరు. మన దేశంలో ఎక్కువగా దొరికేవి పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీవి. 2021 నుంచి ఆ ఫ్యాక్టరీ మ్యునిషన్స్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కిందికి వచ్చింది. విదేశీ డబ్బా అయితే పీడనం కూడా చూడండి. యూరప్ ప్రమాణాల్లో మామూలు 12 బోర్ తూటాకు గరిష్ఠ సగటు పీడనం 740 బార్, హై పర్ఫార్మెన్స్ అని రాసిన వాటికి 1050 బార్. ఆ రెండో రకం పాత తుపాకుల కోసం చేసింది కాదు. ఉక్కు గుండ్ల తూటాలు కూడా అంతే.

మీ చాంబర్ 65 అయితే 65 తూటాలే కొనండి, లేదా 65 చాంబర్‌కు సరిపోతుందని డబ్బా మీదే రాసి ఉన్నవి. దుకాణదారు మాట మీద కాదు.

ఒక డబ్బాతో సరిపెట్టండి. పరీక్ష అయ్యాక, నచ్చితే అదే లాట్‌లో మిగతావి తీసుకోండి. లైసెన్సులో రాసిన సంఖ్య దాటకండి, కొన్న ప్రతిసారీ నమోదు చేయించుకోండి. కమిషనరేట్ పరిధిలో పోలీసు కమిషనర్, మిగతా చోట్ల కలెక్టర్ లెక్క అడిగే అధికారి. ఎన్ని కొన్నారో, ఎన్ని పేల్చారో, ఎక్కడ పేల్చారో నోటు పుస్తకంలో ఉంటే ఆ రోజు చెమటలు పట్టవు.

7. తూటాలను ఒక్కొక్కటిగా చూడండి

ఇత్తడి అడుగున పచ్చటి చిలుము, ఉబ్బిన డొల్ల, లోపలికి నొక్కుకుపోయిన లేదా బయటికి పొడుచుకొచ్చిన ప్రైమర్, విచ్చుకున్న మూతి, వీటిలో ఏది కనబడినా పక్కన పెట్టండి. మంచి తూటాను తుపాకీ నుంచి విప్పిన గొట్టంలోకి వదిలితే దాని బరువుకే దిగి, అంచు దగ్గర టక్కున ఆగాలి. వేలితో నొక్కాల్సి వస్తే అది వద్దు. ఈ పరీక్ష చేసేటప్పుడు గొట్టాలు తుపాకీ నుంచి విప్పే ఉండాలి.

20 బోర్ తుపాకీ కూడా ఉన్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. 20 బోర్ తూటా 12 బోర్ చాంబర్‌లోకి జారి, ముందుకు పోయి ఇరుక్కుంటుంది. చాంబర్ ఖాళీగా ఉందనుకొని వెనుక 12 పెట్టి పేల్చితే రెండూ పేలి గొట్టం పగులుతుంది. 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేసేది ఇందుకే. జేబులో రెండూ కలపకండి.

8. కాగితం మీద పేల్చండి

ఎక్కడ? రేంజిలో. హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర షూటింగ్ రేంజి ఉంది, ముందుగా అడిగి వెళ్ళండి. సొంత పొలంలోనే చేస్తానంటే ముందు పోలీస్ స్టేషన్‌లో మాట్లాడండి. 2019 సవరణ తర్వాత, ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా కాల్చితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చెరువు కట్టను అడ్డుగా పెట్టుకుందామని చాలామందికి తోస్తుంది. కట్ట మీద ఎవరూ కనబడరు, అవతలి వాలులో బట్టలు ఉతికేవాళ్ళు ఉంటారు. బండరాయి గోడకు ఎదురుగా కాల్చితే గుండ్లు మీ మీదికే తిరిగొస్తాయి.

కాగితాన్ని చెక్క చట్రానికి బిగించండి. మధ్యలో నల్ల చుక్క పెట్టండి. 36 మీటర్ల 60 సెంటీమీటర్లు, అంటే 40 గజాలు, టేపుతో కొలవండి. అడుగులు లెక్కపెడితే మూడు నాలుగు మీటర్ల తేడా వస్తుంది. ఒక్కో గొట్టానికి, ఒక్కో తూటా రకానికి కనీసం మూడు కాగితాలు. ప్రతి దెబ్బకూ కాగితం మార్చి, దాని మీద గొట్టం, తూటా, దూరం రాయండి.

తర్వాత గుండ్లు ఎక్కువగా పడిన చోటును కంటితో గుర్తించి, అక్కడ మేకు పెట్టి, 38 సెంటీమీటర్ల సుతిలితో వృత్తం గీయండి. 76 సెంటీమీటర్ల వృత్తం వస్తుంది. లోపలి రంధ్రాలను లెక్కపెట్టండి. లెక్కపెట్టిన ప్రతి రంధ్రం మీదా పెన్నుతో గీత పెట్టకపోతే వంద దాటాక తప్పుతారు.

మా తుపాకీ లెక్క చూపిస్తాను. 32 గ్రాముల 4వ నంబరు తూటాలో సుమారు 192 గుండ్లు. ఎడమ గొట్టంతో మూడు కాగితాల సగటు 121, అంటే 63 శాతం. తర్వాత 36 గ్రాములది తెచ్చాను, అందులో సుమారు 216 గుండ్లు. సగటు 113, అంటే 52 శాతం. ఎక్కువ గుండ్లు పంపితే వృత్తంలో పడినవి తక్కువ! నమ్మలేక మరో మూడు కాగితాలు చింపాను, అదే లెక్క. గట్టిగా తోసినప్పుడు సీసపు గుండ్లు ఒకదానికొకటి నలిగి చదునవుతాయి. చదునైన గుండు సూటిగా పోదు. భుజం నొప్పికి, అదనపు డబ్బుకు ప్రతిఫలంగా నాకు దక్కింది ఎనిమిది గుండ్ల నష్టం.

పోల్చుకోవడానికి: పూర్తి చోక్ అయితే 70 శాతం దగ్గర, సగం చోక్ 60, చోక్ లేకుంటే 40 ఉండాలి. రెండు మూడు శాతం తేడాను పట్టించుకోకండి. శాతం బాగున్నా కాగితం మీద పిడికెడంత ఖాళీలు కనబడితే ఆ తూటా మీ తుపాకీకి పడదు.

ఎస్‌జి పరీక్ష వేరు. వృత్తం, శాతం వదిలేయండి. కాగితం మీద అన్నం పళ్ళెమంత, సుమారు 25 సెంటీమీటర్ల వృత్తం గీసి, 15, 20, 25 మీటర్ల నుంచి పేల్చండి. పళ్ళెంలో నాలుగు గుండ్లు కూడా పడని దూరం మీ హద్దుకు అవతలిది.

9. డొల్లను, గొట్టాన్ని చూడండి

ప్రైమర్ చుట్టూ మసి, చదునైన ప్రైమర్, ఇత్తడి మీద ఉబ్బు లేదా చీలిక, డొల్ల బిగుసుకుపోవడం, వీటిలో ఒక్కటి కనబడినా ఆ డబ్బా పక్కన పెట్టండి. కానీ ఇవి కనబడలేదు కాబట్టి అంతా బాగుందనుకోకండి. 12 బోర్ డొల్ల పీడనం బాగా మీరిన తర్వాత గానీ ఫిర్యాదు చేయదు. గుర్తులు వెతకడం కంటే రెండో అడుగులో కొలవడం ముఖ్యమని అందుకే అన్నాను.

ట్రిగ్గర్ నొక్కితే పేలకపోతే, గొట్టం లక్ష్యం వైపే ఉంచి కనీసం నిమిషం ఆగండి. తర్వాతే మడవండి. "ఢాం" బదులు "తుస్" మని మెత్తగా వినబడితే, రెండో తూటా పెట్టకముందు గొట్టంలోంచి వెలుగు చూడండి. అడ్డబిళ్ళ గొట్టంలో ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనుక ఇంకో తూటా పేల్చినవాళ్ళ గొట్టాలు నేను చూశాను, అరటిపండు తొక్కలా ఒలిచినట్టు ఉంటాయి.

ఎక్కువమంది చేసే తప్పులు

తన్నును బట్టి తూటా బలాన్ని అంచనా వేయడం. తన్ను మీ తుపాకీ బరువును, పిడి పొడవును కూడా చెబుతుంది. తూటా ఏం చేసిందో చెప్పేది కాగితమే.

తడి తగలకుండా తూటాలకు నూనె రాయడం. నూనె ప్రైమర్‌లోకి దిగుతుంది, తూటా చస్తుంది. చాంబర్‌లో కూడా నూనె ఉండకూడదు, పేల్చే ముందు పొడి గుడ్డతో తుడవండి.

ఎండ. మే నెలలో రామగుండం, వరంగల్ ఎండలు మీకు కొత్తగా చెప్పక్కరలేదు. రేకుల షెడ్డులో, అటక మీద, కారు డ్యాష్‌బోర్డు మీద తూటాలు పెట్టకండి. వేడెక్కిన మందు వేగంగా మండి పీడనం పెంచుతుంది, ఏళ్ళ తరబడి వేడిలో ఉంటే మందు చెడుతుంది కూడా. ఫ్రిజ్‌లో పెట్టే మహానుభావులూ ఉన్నారు. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది, అదీ వద్దు. తాళం ఉన్న బీరువాలో, కింది అరలో, మూత బిగువు డబ్బాలో పెట్టండి. తుపాకీ ఒక తాళంలో, తూటాలు మరో తాళంలో ఉండాలి.

తూటా విప్పి గుండ్లు మార్చడం, మైనం పోసి గుండ్లను ముద్ద చేయడం. ఊళ్ళో ఎవరో ఒకరు ఇది నేర్పడానికి సిద్ధంగా ఉంటారు. ఆయన చేతి వేళ్ళు లెక్కపెట్టి తర్వాత వినండి.

ఇక తాతగారి పెట్టెలో దొరికిన ఉబ్బిన కాగితపు తూటాలు. బావిలో పారేయకండి, కుంపట్లో వేయకండి, విప్పి మందు ఒలకబోయకండి. అవి మీ లైసెన్సు లెక్కలో ఉన్నాయో లేదో చూసుకొని, లైసెన్సు పుస్తకం వెంట పెట్టుకొని, ముందుగా ఫోన్ చేసి, పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోండి. రసీదును నోటు పుస్తకంలో అతికించండి.